ఎక్స్‌రేలో దొరకని పగులు: ఒక దవడ పన్ను కేసు

పేషెంట్‌ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. ఆమెకి చెప్పి, సరేనన్నాకే రాస్తున్నాను. క్లీనింగ్, ఫిల్లింగ్, రూట్ కెనాల్, క్యాప్ అంటూ పంటి డాక్టర్ దగ్గర మామూలుగా వినబడే చికిత్సలు దాదాపు అన్నీ ఈ ఒక్క నోట్లో జరిగాయి. మా దగ్గరికి వచ్చేసరికి వాటిలో సగం అయిపోయాయి కూడా. నొప్పి మాత్రం ఆరు నెలలుగా అలాగే ఉంది. ఏ చికిత్స దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో చెప్పడానికి ఇంతకంటే మంచి కేసు నాకు తట్టలేదు.

నేపథ్యం

నలభైల చివర్లో ఉన్న గృహిణి. ఇంట్లోనే మిషన్ కుడుతుంది. బీపీ ఉంది, టాబ్లెట్‌తో అదుపులో ఉంది. షుగర్ లేదు. పొగాకు అలవాటు లేదు కానీ, భోజనం అయ్యాక వక్క నమలడం పెళ్ళయిన కొత్తలో మొదలై ఇప్పటికీ ఉంది. నమిలేది ఎక్కువగా ఎడమవైపే.

నొప్పి కూడా ఎడమవైపే మొదలైంది. ముందు టీవీలో చూసిన సెన్సిటివిటీ పేస్టు వాడింది. తగ్గకపోతే ఒక క్లినిక్‌లో క్లీనింగ్ చేయించుకుంది. తర్వాత పైదవడలో ఒక చిన్న పుచ్చుకి ఫిల్లింగ్. ఆ తర్వాత మరో చోట, కింది ఎడమ మొదటి దవడ పన్నుకి రూట్ కెనాల్. మేం కాగితం మీద 36 అని రాసుకునే పన్ను అది. రూట్ కెనాల్ అయింది గానీ క్యాప్ వేయించుకోలేదు. నొప్పి పోకపోతే ఇంకా ఖర్చెందుకని ఆగిపోయింది. మధ్యలో ఎవరో ఇది మొహం నరం నొప్పి అని, దానికి వాడే కార్బమజెపిన్ రాశారు. మగత తప్ప తేడా లేదని ఆపేసింది.

“క్లీనింగ్ చేయించిన సంది ఇంకా ఎక్కువైంది సార్. పళ్ళు లూజు చేసిండ్రు. ఇగ ఇది పీకెయ్యండి, పీడ పోతది” అంది కుర్చీలో కూర్చుంటూనే.

క్లీనింగ్ మాట రోజూ వినేదే కనుక ఇక్కడే చెప్పేస్తాను. పళ్ళ మధ్య, చిగురు కింద ఏళ్ళ తరబడి గార పేరుకుంటే చిగురు వాచి ఉంటుంది, ఎముక కొంత కరిగి ఉంటుంది. గార తీశాక వాపు తగ్గి చిగురు కిందికి దిగుతుంది. అప్పటిదాకా గార కప్పేసిన సందులు బయటపడతాయి, వేరు పైభాగం కొంచెం తేలుతుంది, చల్లటి నీళ్ళు తాగితే కొన్నాళ్ళు జివ్వుమంటుంది. పన్ను వదులైతే దానికి కారణం అప్పటికే కరిగిపోయిన ఎముక. క్లీనింగ్ మిషన్ పంటిని వదులు చేయలేదు. ఈమె విషయంలో ఎముక బాగానే ఉంది, పళ్ళు గట్టిగానే ఉన్నాయి. క్లీనింగ్ తర్వాత రెండు మూడు వారాలు జివ్వుమని ఉండొచ్చు. ఆర్నెల్ల నొప్పికి అది జవాబు కాదు.

ఆమె చెప్పిన నొప్పి

నొప్పి ఎలా ఉంటుందని అడిగితే ముందు “మస్తు నొస్తది” అంతే. ఏం తింటే వస్తుందని అడిగాను. అన్నంతో రాదు. విచిత్రంగా సకినాలు, చెగోడీలు గట్టిగా కొరికినా ప్రతిసారీ రాదు. “జొన్నరొట్టె తినేటప్పుడు నువ్వుగింజ పడిందనుకోండి, పాణం పోయినట్టు అయితది.” కొరికినప్పుడా, కొరికి వదిలినప్పుడా అని అడిగాను. కాసేపు ఆలోచించి, గాల్లోనే నోరు మూసి తెరిచి చూసుకుని, “ఇడిసేటప్పుడు” అంది.

ఈ ఒక్క జవాబుతో నా అనుమానం పుచ్చు మీది నుంచి పగులు మీదికి మళ్ళింది. పన్ను లోపల పగులు ఉంటే, కొరికినప్పుడు దాని రెండు వైపులూ వెంట్రుకవాసి విడతాయి. వదిలినప్పుడు టక్కున మళ్ళీ దగ్గరవుతాయి. పంటి లోపలి పొరలో కంటికి కనబడని సన్నని గొట్టాలు ఉంటాయి. ఈ కదలికకి వాటిలోని ద్రవం జరిగి నరాన్ని కదిలిస్తుంది. గట్టి వస్తువు పన్ను అంతటా ఒకేసారి తగిలితే ముక్కలు విడవకపోవచ్చు. నువ్వుగింజ సరిగ్గా ఒక మొన మీదో, గాడిలోనో పడితే విడతాయి. ఈ లక్షణాలన్నిటినీ కలిపి 1964లో కామెరాన్ అనే ఆయన ‘క్రాక్డ్ టూత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టాడు. కింది దవడ పళ్ళలో, ముఖ్యంగా చివరివాటిలో, ఇది ఎక్కువగా కనిపిస్తుంది. దవడ కీలుకి దగ్గరగా ఉండే పళ్ళ మీద నమిలే బలం ఎక్కువ పడుతుంది.

అనుమానం వేరు, రుజువు వేరు. ఆ రోజు చేసిన పరీక్షల్లో ఏదీ తేలలేదు. చల్లదనం పరీక్ష మామూలుగా ఉంది, తట్టి చూస్తే నొప్పి లేదు. బస్సులో వస్తున్నానని పొద్దున్నే నొప్పి టాబ్లెట్ వేసుకుని వచ్చింది మరి. టాబ్లెట్ పనిచేస్తున్నంతసేపు మా పరీక్షలు అబద్ధం చెబుతాయి. ఆ రోజు ఎక్స్‌రే మాత్రం తీసి, టాబ్లెట్ వేసుకోకుండా మళ్ళీ రమ్మన్నాను. “ఇంత దూరం వస్తే ఏం చెయ్యకుండ పంపుతారా” అని ఆమె మొహంలో కోపం కనబడింది. కోపం న్యాయమే. కానీ ఏ పన్నో తెలియకుండా డ్రిల్ పట్టుకుంటే, అంతకు ముందు జరిగిన చికిత్సల జాబితాలో ఇంకొకటి చేరుతుంది, అంతే.

ఏ పన్ను?

రెండోసారి వచ్చినప్పుడు ముందున్న ప్రశ్నలు ఇవి. రూట్ కెనాల్ చేసిన 36లో ఏదైనా కాలువ మిగిలిపోయిందా? దాని వెనకున్న 37లో పగులా? పైదవడ పన్ను నొప్పి కిందికి తోస్తోందా? దవడ కండరాలా? నిజంగానే మొహం నరం నొప్పా?

మొహం నరం నొప్పిని ముందే పక్కన పెట్టాను. అది కరెంట్ షాక్‌లా క్షణాల్లో వచ్చిపోతుంది, మొహం కడుక్కున్నా, చెంప తాకినా రావచ్చు. ఒక పంటి మీద ఒక మొన నొక్కితేనే రావడం దాని స్వభావం కాదు. పై పన్నా కింది పన్నా అన్నది అంత తేలిగ్గా కొట్టేయలేం. పంటి నరానికి నొప్పి తెలుస్తుంది గానీ చోటు సరిగ్గా తెలియదు. కింది పన్ను నొప్పి పైన తోచడం, పైది కింద తోచడం చాలా మామూలు. పేషెంట్ వేలు పెట్టి చూపించిన పన్నునే నమ్మి పని మొదలుపెట్టకూడదనేది అందుకే.

కోల్డ్ స్ప్రే కొట్టిన దూది ఉండని ఒక్కో పంటికి ఆనించాను, ముందు కుడివైపు మంచి పళ్ళతో మొదలుపెట్టి. మామూలు పన్నుకి ఎలా ఉంటుందో ఆమెకి తెలియాలి కదా. పై ఎడమ పళ్ళన్నీ మామూలుగానే స్పందించాయి. 36కి ఏమీ తెలియలేదు, రూట్ కెనాల్ అయింది కనుక తెలియకూడదు కూడా. 37 దగ్గర ఒక్కసారిగా భుజాలు ఎగరేసింది. దూది తీయగానే కొన్ని సెకన్లలో తగ్గిపోయింది. వెంటనే తగ్గడం మంచి సంకేతం. నరం రేగింది గానీ ఇంకా చావుబతుకుల్లో లేదు.

తర్వాత కొరికే పరీక్ష. చివర చిన్న గుంట ఉండే ప్లాస్టిక్ పుల్ల ఒకటి ఉంటుంది. గుంటని పన్ను మొన మీద కూర్చోబెట్టి కొరకమంటాం, కాసేపు ఆగి వదలమంటాం. ఒక పన్నుకి నాలుగైదు మొనలుంటాయి, ఒక్కోదాని మీద విడివిడిగా చేయాలి. 36 మీద ఏ మొనకీ నొప్పి లేదు. 37లో చెంపవైపు మొనలకీ లేదు. నాలుక వైపు ముందు మొన మీద కొరికి వదలగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నమ్మకం కోసం కాసేపాగి, ఏది ఎక్కడ పెడుతున్నానో చెప్పకుండా మళ్ళీ చేశాను. అదే మొన, వదిలేటప్పుడే.

ఎక్స్‌రేలో 37 చక్కగా ఉంది. ఒక పాత సిల్వర్ ఫిల్లింగ్, మధ్యస్థం సైజు. అది ఇరవై ఏళ్ళ నాటిదంది. పంటి వేరు చివర ఇన్ఫెక్షన్‌ని చూపే నీడ లేదు. 36 రూట్ కెనాల్ కూడా బాగానే ఉంది, మసాలా వేరు చివరిదాకా చేరింది. ఆ పన్నులో పుచ్చు లోతుగా ఉండేదని పాత ఎక్స్‌రేలో తెలుస్తోంది కనుక, ఆ రూట్ కెనాల్ అనవసరమని నేను అనను. ఆమె నొప్పికి అది మందు కాదు, అంతవరకే.

ఎక్స్‌రేలో పగులు ఎందుకు కనబడదని చాలామంది అడుగుతారు. దవడ పళ్ళలో పగులు సాధారణంగా ముందు నుంచి వెనక్కి నడుస్తుంది. ఎక్స్‌రే కిరణం చెంపవైపు నుంచి నాలుక వైపుకి పోతుంది. అంటే పగులు కిరణానికి అడ్డంగా, ఫిల్ముకి సమాంతరంగా ఉంటుంది. కిరణం దాటాల్సిన పంటి మందంలో తేడా రాదు, బొమ్మలో గీత పడదు. త్రీడీ స్కాన్ తీసినా ఇంత సన్నని పగులు నమ్మకంగా దొరకదు. పైగా పక్కన లోహం ఉంటే బొమ్మలో దాని చారలు పడి అడ్డొస్తాయి. అందుకే స్కాన్ రాయలేదు, ఆమెకి ఆ డబ్బులు మిగిలాయి.

ఇక్కడొక స్థానిక చిక్కుంది. నల్లగొండ చుట్టుపక్కల ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు మరకలు, గీతలు మామూలే. ఈమెకీ ఉన్నాయి. పన్ను మీద గోధుమ గీత కనబడగానే పగులు అనేస్తే మా ఊళ్ళో సగం మందికి పగుళ్ళే. తేడా వెలుతురుతో తెలుస్తుంది. గదిలో లైట్లు తీసేసి సన్నని టార్చ్‌ని పంటికి పక్కనుంచి ఆనిస్తే, పైపై గీతల మీదుగా వెలుగు పన్నంతా పాకుతుంది. లోతైన పగులు దగ్గర వెలుగు ఆగిపోతుంది, అవతలి సగం చీకటిగా ఉండిపోతుంది. 37లో ముందు అంచు దగ్గర సరిగ్గా అలాగే ఆగింది.

నోరంతా చూస్తే మిగతా కథ కూడా ఉంది. పై ముందు పన్ను అంచులో చిన్న గాడి, దారం పళ్ళతో తెంపే అలవాటుకి గుర్తు. దవడ పళ్ళ మొనలు అరిగి బల్లపరుపుగా అయ్యాయి. పొద్దున లేచేసరికి దవడ పట్టేసినట్టు ఉంటుందంది. రాత్రిళ్ళు పళ్ళు పటపట కొరుకుతుందని భర్త అన్నాడు. రాత్రి పళ్ళు కొరకడం, పగలు వక్క, మధ్యలో పాత సిల్వర్ ఫిల్లింగ్ వల్ల గోడలు బలహీనపడ్డ పన్ను. పగలడానికి ఇంతకన్నా ఏం కావాలి?

వక్క నమిలేవాళ్ళకి మరో పరీక్ష తప్పనిసరి. నోరు ఎంత తెరుచుకుంటోంది, బుగ్గల లోపల తెల్లటి మచ్చలు, గట్టిపడ్డ పట్టీలు ఉన్నాయా అని చూడాలి. పొగాకు కలవని వట్టి వక్క కూడా క్యాన్సర్ కారకమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దాన్ని మొదటి గ్రూపులో పెట్టింది. ఈమెకి అదృష్టవశాత్తూ మూడు వేళ్ళు పట్టేంత నోరు తెరుచుకుంటోంది, మచ్చలేమీ లేవు.

ఎందుకు పీకలేదు, ముందు ఏం చేశాం

పీకేయమని ఆమె అడిగింది. పన్ను తీయడం పది నిమిషాల పని. ఆ తర్వాతిది పది నిమిషాల్లో తేలదు. మొదటి రోజు ఉమ్మకూడదు, గట్టిగా పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగకూడదు. గడ్డకట్టిన రక్తం ఊడిపోతే మూడో రోజుకి ఎముక బయటపడి, పీకక ముందుకంటే ఎక్కువ నొప్పి వస్తుంది. చిగురు కొన్ని వారాల్లో మూసుకుంటుంది, లోపల ఎముక నిండడానికి నెలలు పడుతుంది. ఖాళీ వదిలేస్తే పైపన్ను కిందికి జారుతుంది. ఇంప్లాంట్ పెట్టాలంటే స్క్రూ ఎముకలో కుదురుకోవడానికి మరి కొన్ని నెలలు, ఖర్చు కూడా క్యాప్‌కి ఎన్నో రెట్లు. పన్ను చుట్టూ చిగురు లోతు అన్ని వైపులా 3 మి.మీ. లోపే ఉంది. పగులు వేరులోకి దిగి ఉంటే ఒక్కచోట మాత్రం ప్రోబ్, అంటే చిగురు లోతు కొలిచే పుల్ల, సన్నగా లోతుకి దిగిపోయేది. దిగలేదు. ఇలాంటి పన్నుని పీకడానికి నాకు చెయ్యి రాదు.

నేరుగా రూట్ కెనాల్ చేసేయొచ్చు కదా అంటే, నరం ఇంకా బాగుపడే స్థితిలోనే ఉంది. చల్లదనం నొప్పి సెకన్లలో పోతోంది. బతికే నరాన్ని తీసేయడానికి తొందరేం లేదు.

పాత సిల్వర్ తీసి, కింద నీలిరంగు పూసి కడిగి, లూప్స్‌తో, అంటే పెద్దదిగా చూపే కళ్ళద్దాలతో, చూశాను. ముందు అంచు నుంచి మొదలై గుంట అడుగు మీదుగా వెనక్కి నడిచి, వెనక అంచుకి ముందే ఆగిన నీలి గీత. ఆమెకి ఫోన్‌లో ఫోటో తీసి చూపించాను. అప్పటిదాకా నా మాటల మీద ఉన్న సందేహం ఆ ఫోటోతో పోయింది.

పంటి మొత్తాన్ని పట్టి ఉంచే క్యాప్ వేయడం సరైన దారి అని చెప్పాను. ఆ నెల డబ్బులు లేవంది. మధ్యదారిగా పంటి రంగు ఫిల్లింగ్‌ని, బలహీనంగా ఉన్న మొనని కొంచెం తగ్గించి దాని మీదుగా కప్పుతూ అంటించాను. ఇది కొందరికి ఏళ్ళ తరబడి నిలుస్తుంది. రాత్రి పళ్ళు కొరికేవాళ్ళ దగ్గర దీని మీద నాకు అంత నమ్మకం లేదని ముందే చెప్పాను. మూడు వారాలు హాయిగా ఉంది. తర్వాత మళ్ళీ నువ్వుగింజ. ఫిల్లింగ్ ఎంత గట్టిగా అంటుకున్నా, నమిలే బలానికి గోడలు బయటికి వంగకుండా పూర్తిగా ఆపలేకపోయింది.

అప్పుడు స్టీల్ రింగు. పళ్ళకి క్లిప్పులు వేసేటప్పుడు వాడే బ్యాండే ఇది. బండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించినట్టు పన్ను చుట్టూ బిగించి సిమెంటుతో కూర్చోబెట్టాను, కొరికేటప్పుడు ఎత్తు తగలకుండా చూశాను. దీనికి ఖర్చు తక్కువ, ఉపయోగాలు రెండు. నొప్పి తగ్గితే పగులే కారణమని ఖాయమవుతుంది. నరం ఎటు తిరుగుతుందో చూడ్డానికి వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధి లేకుండా క్యాప్ వేసేస్తే, తర్వాత నరం దెబ్బతింటే కొత్త క్యాప్‌కి కన్నం పెట్టి రూట్ కెనాల్ చేయాల్సి వస్తుంది. 2007లో వచ్చిన ఒక అమెరికా పరిశీలనలో ఇలాంటి పళ్ళలో దాదాపు ఐదింట ఒకదానికి ఆరు నెలల లోపే రూట్ కెనాల్ అవసరమైంది.

ఈమెది ఆ ఐదో పన్నే అయింది. నమిలితే వచ్చే నొప్పి రింగుతో దాదాపు పోయింది. రెండు వారాలకి వేరే నొప్పి మొదలైంది. వేడి టీ తాగితే సలుపు, గుటక దిగిన చాలాసేపటి దాకా. తర్వాత రాత్రి నిద్రలోంచి లేపే పోటు. చల్లదనం పరీక్షలో దూది తీశాక నిమిషం దాటినా నొప్పి తగ్గలేదు. నరం ఇక కోలుకోదని అర్థం.

రూట్ కెనాల్

మెడికల్ షాపులో అప్పటికే అమాక్సిసిలిన్ కొనుక్కుని మూడు పూటలు మింగింది. ఆపించాను. నరం వాపు నొప్పికి యాంటీబయాటిక్ పనిచేయదు. పన్ను లోపల వాచి నలిగిపోతున్న చోటికి రక్తం ద్వారా మందు సరిగా చేరదు, పైగా ఈ దశలో నొప్పికి కారణం వాపు. జ్వరం, మొహం వాపు, చీము పాకడం ఉంటే లెక్క వేరు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019 మార్గదర్శకాలు కూడా ఇలాంటి పంటి నరం వాపు నొప్పికి యాంటీబయాటిక్ వద్దనే చెప్పాయి.

మొదలుపెట్టే ముందు ఒక మాట ఖరారు చేసుకున్నాం. నరం గది తెరిచాక దాని నేల మీద కూడా పగులు కనిపిస్తే అక్కడితో ఆపేస్తాను, పన్ను తీయాల్సిందే. అది ఎక్స్‌రేతో తెలియదు, తెరిస్తేనే తెలుస్తుంది. డబ్బు కట్టి, మత్తు తీసుకుని, సగంలో పన్ను పీకించుకోవాల్సి రావచ్చంటే ఎవరికైనా టెన్షనే. ఆమె ఒక రోజు ఆలోచించుకుని వచ్చింది.

మత్తు ఇంజెక్షన్ ఇచ్చిన పావుగంటకి పెదవి సగం మొద్దుబారింది. అయినా డ్రిల్ తగలగానే నొప్పంది. రేగిన నరం ఉన్న కింది దవడ పళ్ళలో ఇది తరచూ జరుగుతుంది. పెదవి మొద్దుబారిందంటే మందు నరానికి చేరిందని అర్థం, పన్ను పూర్తిగా మొద్దుబారిందని కాదు. “ఓర్చుకోండి” అనడం చికిత్స కాదు. పన్నుకి, ఎముకకి మధ్య సందులోకి సన్నని సూదితో కొంచెం మందు ఎక్కించాక మళ్ళీ మొదలుపెట్టాను. నొప్పి వస్తే ఎడమచెయ్యి ఎత్తమన్నాను. ఎత్తలేదు.

పన్ను చుట్టూ రబ్బరు షీటు కట్టి పనిచేశాం. మొహం మీద ఆకుపచ్చ షీటు చూసి కొందరు ఊపిరాడదని భయపడతారు. ముక్కు తెరిచే ఉంటుంది. లోపల కడగడానికి వాడే హైపోక్లోరైట్ ఘాటైన మందు, అది గొంతులోకి పోకూడదు. ఉమ్మి కాలువల్లోకి పోకూడదు. కాలువలు గీకే సూదుల్లాంటి చిన్న ఫైళ్ళు చేజారి గొంతులో పడకూడదు.

గది తెరిచి కడిగి, నీలిరంగు పూసి చూశాను. పగులు ముందు గోడ మీద కొంత దిగి, గది నేలకి పైనే ఆగింది. అసిస్టెంట్ కూడా చూసింది. నేల శుభ్రంగా ఉంది. ముందుకెళ్ళాం. కాలువలు మూడు. పొడవు మీటరుతో, ఎక్స్‌రేతో రెండు రకాలుగా సరిచూసుకుని శుభ్రం చేశాను. మొదటి సిట్టింగ్‌లో మందు పెట్టి మూశాను, రెండో సిట్టింగ్‌లో నింపాను.

ఆ రాత్రి నుంచే పోటు పోయింది. కొరికితే నొప్పి రెండు రోజులుంది. అది మామూలే, వేరు చివర కణజాలం కాస్త రేగుతుంది. పారాసిటమాల్ రాశాను. బీపీ ఉంది కనుక ఐబుప్రొఫెన్‌ని అవసరమైతేనే, రెండు రోజులకి మించకుండా అన్నాను. రూట్ కెనాల్ తర్వాత నొప్పి రోజురోజుకీ తగ్గాలి. మూడో రోజు ఎక్కువైతే, మొహం వాస్తే, ఫోన్ చేయాలి.

క్యాప్

చాలామంది సరిగ్గా ఇక్కడే మాయమవుతారు. నొప్పి పోయింది, ఇంక దేనికి? 36 విషయంలో ఈమె చేసిందీ అదే. 2002లో వచ్చిన ఒక పరిశీలనలో, రూట్ కెనాల్ అయి క్యాప్ వేయని పళ్ళు, వేసినవాటి కంటే ఆరు రెట్లు ఎక్కువ వేగంగా ఊడిపోయాయి. మామూలు పన్నుకే ఈ లెక్క. ఇది పగిలిన పన్ను. అందుకే నింపిన రోజే రింగు తీయకుండా, క్యాప్ కొలతలకి తేదీ రాసి, అడ్వాన్స్ తీసుకుని పంపాను. అడ్వాన్స్ తీసుకోవడం వ్యాపారం అనుకునేవాళ్ళుంటారు. అనుకోనివ్వండి.

36, 37 రెండింటికీ జిర్కోనియా క్యాపులు. రాత్రి కొరకడం వల్ల పింగాణీ పూత చిట్లే ప్రమాదం ఉంది కనుక పూత లేని రకం ఎంచుకున్నాం. మొనలు మరీ పదునుగా చేయొద్దని ల్యాబ్‌కి రాశాను. క్యాప్ కోసం పన్నుని చుట్టూ, పైనా ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా అరగదీయాలి. అరగదీసిన పన్ను మొక్కలా చిన్నగా కనిపించి పేషెంట్లు బెదిరిపోతారు. క్యాప్ పెట్టిన మొదటి వారం ఎత్తుగా, పరాయిగా అనిపిస్తుంది. నీలిరంగు కాగితం కొరికించి ఎత్తు సరిచేస్తాం. వారం తర్వాత కూడా మొదట అదే పన్ను తగులుతుంటే అలవాటు పడతాననుకోకుండా రావాలి. ఆమె వచ్చింది, వెనక మూల కొంచెం తగ్గించాను.

రాత్రి పెట్టుకోవడానికి గట్టి ప్లాస్టిక్ గార్డు చేసిచ్చాం. అది కొరకడాన్ని ఆపదు. ఆ బలం పళ్ళ మీద కాకుండా ప్లాస్టిక్ మీద పడేలా చేస్తుంది. మొదట్లో పడుకున్న గంటకే తీసి దిండు పక్కన పెట్టేదట. దవడ బిగుతు తగ్గడం గమనించాక తనే పెట్టుకోవడం మొదలుపెట్టింది. దారానికి కత్తెర వాడుతోంది. వక్క పూర్తిగా మానలేదు. తగ్గించానంది, కుడివైపు నములుతున్నానని కూడా అంది. కుడివైపు పళ్ళకి కూడా అవే పాత సిల్వర్లున్నాయని గుర్తుచేశాను. బుగ్గల పరీక్ష ప్రతి ఆరు నెలలకీ ఉంటుందని చెప్పాను.

ఈ కేసు నుంచి నేను చెప్పేది

కొత్తగా ప్రాక్టీసు పెట్టినవాళ్ళకి: ఎక్స్‌రే బాగుందంటే పన్ను బాగుందని కాదు. కొరికే పుల్ల ఖరీదు చాలా తక్కువ. ప్రతి మొన మీదా పెట్టి చూడ్డానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలు ఆర్నెల్ల క్రితం ఎవరైనా పెట్టి ఉంటే నరం బతికేదేమో, అది చెప్పలేం. కనీసం కార్బమజెపిన్ తప్పేది.

పేషెంట్లు చేయగలిగింది కూడా ఉంది. ఏ పన్ను నొస్తోందని చూపించడం కంటే, ఏం తింటే వస్తుంది, కొరికినప్పుడా వదిలినప్పుడా, చల్లటికా వేడికా, ఎంతసేపు ఉంటుంది అని చెప్పడం మాకు ఎక్కువ సాయం. ఓర్చుకోగలిగితే టాబ్లెట్ వేసుకోకుండా రండి. పాత ఎక్స్‌రేలు పారేయకండి. ఈమె 36 పాత ఎక్స్‌రే పర్సులో మడతపెట్టి తెచ్చింది కాబట్టే, ముందు చేసిన డాక్టర్‌ని అనవసరంగా అనుమానించే పని తప్పింది.

డాక్టర్‌ని “గ్యారంటీనా?” అని అడిగితే, పగిలిన పన్ను విషయంలో కాదనేవాళ్ళని నమ్మండి. పగులు అతుక్కోదు. క్యాప్ దాన్ని విడవకుండా పట్టి ఉంచుతుంది, అంతవరకే.

ఏడాది తర్వాత చూసినప్పుడు రెండు వైపులా నములుతోంది, నువ్వుల రొట్టెతో సహా. 37 చుట్టూ లోతు ఇంకా 3 మి.మీ. లోపే, ఎక్స్‌రేలో నీడ లేదు. ఆరు నెలలకొకసారి ఆ లోతు కొలుస్తాం. ఒక్కచోట అది సన్నగా దిగడం మొదలైతే పగులు వేరులోకి పోయిందని అర్థం, అప్పుడు పన్ను తీయాలి. ఆ మాట ఆమె కార్డు మీద రాసి ఉంది, కింద ఆమె సంతకం కూడా ఉంది. తీయాల్సి వస్తే ఇంప్లాంట్ వద్దంది. 36 క్యాప్ ఉంది కదా, దానితో సర్దుకుంటానంది. పైపన్ను జారకుండా ఏం చేయాలన్నది అప్పుడు చూసుకుందామనుకున్నాం.